పేగు వాపుకి ఆకు మందు: ఒళ్ళు తేలికైతే జబ్బు తగ్గినట్టేనా?

కాల్వగట్టు:
చర్చ ఇదండి. పెద్దపేగులో పుండ్లు తెచ్చే అల్సరేటివ్ కొలైటిస్, పేగులో ఎక్కడైనా రాగల క్రోన్స్, ఈ రెండు పేగు వాపు జబ్బులనీ కలిపి ఐబీడీ అంటున్నాం. మన డెల్టాలో విరేచనంలో నెత్తురు కనిపిస్తే ముందు "మొలలు" అంటారు, తర్వాత "పేగుపూత" అంటారు, కొలనోస్కోపీ ఆ పిమ్మట. ఈలోపు కరక్కాయ, మారేడు, కలబంద, పొట్లం మందు అన్నీ అయిపోతాయి. జబ్బు పేరు తేలాక కూడా మెసాలమిన్‌తో (పేగు వాపు అణిచే బిళ్ళ) పాటు ఇవి సాగుతూనే ఉంటాయి. ఇంతకుముందు చర్చ దారంలో ఒకరు "ఇవి వాడేవాళ్ళ జీవన నాణ్యత స్కోరు తక్కువని సర్వేలు చెబుతున్నాయి, కాబట్టి ఇవే చెరుపు" అని తేల్చేశారు. ఇంకొకరు "మనిషి హాయిగా ఉందంటుంటే మీ సర్వే ఎవడిక్కావాలి" అన్నారు. రెండూ మింగుడుపడట్లేదు. లెక్కలతో రండి. సొంత కథలు మాత్రం వద్దు, ఆ దారం వాటితోనే పాడైంది.

లెక్కలమాస్టారు:
మొదటి వాదన తిరగేసి చూడండి. రోజుకి ఏడెనిమిదిసార్లు దొడ్డికెళ్ళేవాడు, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌తో మొహం ఉబ్బినవాడు రెండో మందు వెతుక్కుంటాడు. ఏడాదిగా నిమ్మళంగా ఉన్నవాడికి ఆ అవసరమే లేదు. అందరినీ ఒకేసారి అడిగే సర్వేలో ఆకు మందు వాడేవాడి స్కోరు తక్కువ రాక ఏమవుతుంది? గొడుగున్న చోటే వాన ఎక్కువ పడుతోంది, కాబట్టి వాన తెచ్చింది గొడుగే అన్నట్టుంది.

రెండో వాదనకీ కాలు విరిగే ఉంది. స్కోరంటే ఏమిటి? ఐబీడీక్యూ అనే ప్రశ్నావళిలో 32 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు, మొత్తం 32 నుంచి 224. 170 దాటితే మామూలుగా నిమ్మళం కింద లెక్క. పేగు, ఒంట్లో సత్తువ, మనసు, నలుగురిలో తిరగడం అని నాలుగు భాగాలు. వైద్యుడు గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడితే మనసు భాగం పెరుగుతుంది, పెరగాలి కూడా. అదే సమయంలో పేగు గోడ మీద పుండు అలాగే ఉండొచ్చు. పుండు సంగతి ప్రశ్నావళికి తెలీదు, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షకి తెలుస్తుంది. గ్రాముకి 150 మైక్రోగ్రాముల లోపుంటే వాపు అణిగినట్టే అనుకోవచ్చు, 250 దాటితే ఒళ్ళు ఎంత తేలిగ్గా ఉన్నా లోపల రాజుకుంటోందని అనుమానించాలి. ఎవరు ఏ మందు గురించి చెప్పినా రెండు అంకెలూ అడగండి.

మారేడుచెట్టు:
ఆయుర్వేదం వైపు నుంచి నాలుగు మాటలు. ముందు అన్నిటినీ ఒకే గంపలో వెయ్యకండి. కొడిశపాల బెరడు, మారేడు, బూరుగు బంకతో చేసే పిచ్ఛావస్తి అనే ఎనిమా, ఇలా పేరున్న మందులు ఒక రకం. పేరూ ఊరూ లేని పొట్లం పొడి వేరే రకం. రెండోదాన్ని నేనూ సమర్థించను.

మొదటి రకంలో కూడా జనం చేసే తప్పు ఎక్కడుందో చెబుతాను. మారేడు పచ్చికాయ గుజ్జు విరేచనాన్ని కడుతుంది, పండిన కాయ జారుస్తుంది. వేసవిలో మారేడు షర్బతు తాగి "మారేడు పడలేదండి" అనేవాళ్ళు తాగేది పండు. కలబందా అంతే. లోపలి తెల్లటి జిగురు వేరు, తొక్క కింద కారే పసుప్పచ్చటి చేదు పాలు వేరు. ఆ పాలు గట్టి విరేచనకారి. కడియం నర్సరీ నుంచి తెచ్చిన అలంకారపు మొక్క ఏ జాతిదో తెలీకుండా కోసి మిక్సీలో వేస్తే రెండూ కలిసి కడుపులో పడతాయి. 2004లో ఇంగ్లండులో 44 మంది కొలైటిస్ రోగులతో చేసిన పరీక్షలో ఇచ్చింది శుద్ధి చేసిన జిగురు, 100 మిల్లీలీటర్లు, రోజుకి రెండుసార్లు, నాలుగు వారాలు. మెరుగైనవాళ్ళు అటు 47 శాతం, ఉత్తుత్తి మందు వైపు 14 శాతం. చిన్న పరీక్షే, కానీ సున్నా కాదు.

పిచ్ఛావస్తి సంగతి. అది మలద్వారం నుంచి ఎక్కించేది కాబట్టి పెద్దపేగు ఎడమవైపు వరకే అందుతుంది. మెసాలమిన్ ఎనిమాదీ అదే పరిమితి. క్రోన్స్‌లో చిన్నపేగు చివర జబ్బుంటే రెండూ అక్కడికి చేరవు. "పేగు జబ్బుకి వస్తి" అని ఫలకం పెట్టేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

బిళ్ళలకొట్టు:
కలబంద అయింది కదా, ఇప్పుడు పసుపు. కర్క్యుమిన్‌కి సాక్ష్యం ఉంది, అల్సరేటివ్ కొలైటిస్ వరకు. జపాన్‌లో 2006 నాటి పరీక్షలో నిమ్మళంగా ఉన్నవాళ్ళకి రోజుకి 2 గ్రాములు, ఆరు నెలలు ఇచ్చారు. జబ్బు తిరగబెట్టింది 43 మందిలో ఇద్దరికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 39 మందిలో 8 మందికి. 2015లో వచ్చిన ఇంకోదాంట్లో జబ్బు కొద్దిపాటిగానో ఓ మాదిరిగానో రేగి ఉన్నవాళ్ళకి రోజుకి 3 గ్రాములు. నెలకి 26 మందిలో 14 మంది నిమ్మళించారు, అవతలివైపు 24 మందిలో ఒక్కరూ లేరు. ఢిల్లీ ఎయిమ్స్‌లో 450 మిల్లీగ్రాములతో చూసినది 2017లో వచ్చింది, తేడా కనిపించలేదు. మోతాదు దగ్గరే ఉంది కిటుకంతా.

వంటింటి పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. చెంచా పసుపు 3 గ్రాములనుకుంటే అందులో ఉండేది 90 మిల్లీగ్రాములు. 2 గ్రాములు రావాలంటే 22 చెంచాలు మింగాలి. పాలల్లో చిటికెడు వేసుకుని "పసుపు వాడుతున్నాను" అనుకోవడం మనసు భాగానికే పనిచేస్తుంది. పాలు పడనివాళ్ళకైతే ఆ పాలవల్లే కడుపు ఉబ్బుతుంది.

మరో మాట, గట్టిగా చెప్పాల్సింది. ఫలితం కనిపించిన ఆ రెండు పరీక్షల్లోనూ కర్క్యుమిన్ ఇచ్చింది మెసాలమిన్ లేదా సల్ఫాసలజైన్‌కి జతగా. మానేసి కాదు. మెసాలమిన్ సరిగ్గా వేసుకోనివాళ్ళలో జబ్బు తిరగబెట్టే ముప్పు ఐదు రెట్లకి పైనే అని 2003లోనే తేలింది. నెత్తురు ఆగిన రెండో నెలలో "ఇంకెందుకు బిళ్ళ" అని మానేసి, ఆరో నెలలో జబ్బు రేగితే ఆకు మందు చాలలేదంటారు. చాలనిది ఆకు మందు కాదు, ఆపేసిన బిళ్ళ.

మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ క్యాప్సూళ్ళు ఎగబడి కొంటున్నారు. ఆ సారం మిగతా మందులు కాలేయంలో విరిగే తీరుని మార్చేస్తుంది, కొలైటిస్‌కి ఇచ్చే టోఫాసిటినిబ్ బిళ్ళ వేసుకునేవాళ్ళు జాగ్రత్త. అమెరికాలో ఇలాంటి క్యాప్సూళ్ళతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి కూడా.

వైనతేయ:
మారేడుచెట్టు గారూ, పొట్లం పొడిని ఒక్క ముక్కలో తోసేసి వెళ్ళిపోయారు. అసలు నష్టం అక్కడే జరుగుతోంది. పేరులేని పొడి వేసుకున్న మూడోరోజుకే నెత్తురు ఆగి, ఆకలి పేలిపోయి, మొహం గుండ్రమవుతుంటే అందులో స్టెరాయిడ్ ఉందని అనుమానించాలి. నెలల తరబడి వాడి ఒక్కసారి ఆపితే వాంతులు, కళ్ళు తిరగడం, బీపీ పడిపోవడం. ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములతో మొదలెట్టినా వారానికి 5 చొప్పున దించేది అందుకే. పొట్లంలో ఎంతుందో తెలీనప్పుడు దించడం ఎలాగ?

క్రోన్స్‌కీ పేగు టీబీకీ మన దేశంలో తేడా పట్టడం పెద్ద డాక్టర్లకే కష్టం. టీబీ ఉన్నవాడికి తెలియని స్టెరాయిడ్ పడితే ఆ జబ్బుకి గేట్లు ఎత్తేసినట్టే.

ఇక తిప్పతీగ. కరోనా కాలంలో ఇంటింటా కాచారు. ముంబైలో, తర్వాత దేశంలోని పలు ఆసుపత్రుల్లో దానివల్ల కాలేయ వాపు కేసులు బయటికొచ్చాయి. ఆయుష్ శాఖ కాదంది, ఆ వాదన ఇంకా ఉంది. నా మాట ఒక్కటే. ఐబీడీ అంటేనే రోగనిరోధక శక్తి అదుపు తప్పడం. దాన్ని అణచడానికి అజాథయోప్రిన్ ఇస్తూ పక్కన దాన్ని "పెంచే" కషాయం ఎందుకు?

అన్నట్టు, ఆయుర్వేదంలో పర్పటి అనే రసౌషధం గురించి మీరేమంటారు? గ్రహణికి (మానని విరేచనాల జబ్బుకి) రాసిచ్చే పంచామృత పర్పటిలో పాదరసం, గంధకం, లోహ, అభ్రక, తామ్ర భస్మాలే కదా.

మారేడుచెట్టు:
అవును, అవే. పాదరసాన్ని గంధకంతో నూరి కజ్జలి చేసి, కరిగించి, అరటాకు మీద పోసి అదిమితే వచ్చే రేకు అది. పాదరసం గంధకంతో పూర్తిగా కలిసిపోవాలి, మెరుపు మిగలకూడదు, అప్పుడే వాడాలి అంటుంది శాస్త్రం. మీరు పేరు పలికితేనే విషమన్నట్టు మాట్లాడుతున్నారు. అజాథయోప్రిన్ ఎముక మూలుగుని దెబ్బతీయదా? మనవాళ్ళలో ఎన్‌యూడీటీ15 జన్యువు తేడా ఉన్నవాళ్ళకి మామూలు మోతాదే తెల్లకణాలు పడిపోయేలా చేస్తుంది కదా.

వైనతేయ:
చేస్తుందండి, కాదనను. అందుకే మొదట్లో వారం వారం రక్తకణాలు లెక్కపెడతారు, తర్వాత మూణ్ణెల్లకోసారి. పర్పటి ఇచ్చి నలభై రోజులకి రక్తంలో పాదరసం, సీసం, క్రియాటినిన్ ఎవరు చూస్తున్నారు? బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14లో సీసమో పాదరసమో ఆర్సెనికో ఉన్నాయని 2004లో అచ్చయింది. సీసం ఎక్కితే వచ్చేవి కడుపునొప్పి, రక్తహీనత. ఐబీడీ రోగిలో ఆ రెండూ కనిపిస్తే జబ్బు రేగిందనుకుని మందు ఇంకా పెంచుతారు!

మారేడుచెట్టు:
పరీక్ష చేయించాలనడం ఒప్పుకుంటున్నాను. పర్పటి మానెయ్యాలనడం ఒప్పుకోను.

వంటిల్లు:
మీరిద్దరూ పాదరసం దగ్గర ఆగిపోయారు, పత్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. జీవన నాణ్యతని అన్నిటికంటే తినేది అదే. మందుతోపాటు "చేప వద్దు, గుడ్డు వద్దు, పప్పు వద్దు, మజ్జిగన్నం" అంటారు. జబ్బు రేగినప్పుడు కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి 60 నుంచి 75. రోజంతా 300 గ్రాముల బియ్యం, అర లీటరు పెరుగు తిన్నా 40 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. రెండు నెలల్లో తొడలు సన్నబడతాయి, కాళ్ళకి నీరు దిగుతుంది. ఆ నీరసాన్ని జబ్బు ఖాతాలో రాస్తారు. చేపలు చేతికందే ఊళ్ళో ఇదేం ఖర్మండి? ముల్లు తీసిన కొరమేను పులుసు, కారం తగ్గించి, రెండు పూటలా వంద గ్రాముల చొప్పున పెడితే దాదాపు 35 గ్రాములు అక్కడే వస్తాయి.

తరవాణి గురించి అడిగేవాళ్ళుంటారు. పులిసిన అన్నం నీళ్ళు మంచివే, కానీ పరీక్షల్లో నిలిచిన ప్రోబయోటిక్‌లతో పోల్చకూడదు. మన దేశంలోనే వీఎస్ఎల్3 అనే ప్రోబయోటిక్ మీద చేసిన పరీక్షలో పూటకి ఇచ్చినది 3.6 లక్షల కోట్ల సూక్ష్మజీవులు, పేరున్న ఎనిమిది రకాలు. కుండలో ఏవి పెరిగాయో ఎవరికి తెలుసు? రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్, బయొలాజిక్ సూదులు నడుస్తున్నప్పుడు, అందులోనూ వరద నీళ్ళు బోర్లలో కలిసే నెలల్లో, తరవాణి కుండ జోలికి పోకపోవడమే నయం.

కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓఆర్ఎస్‌కి బదులు కాదు, పక్కన తాగొచ్చు.

కాల్వగట్టు:
ఆయ్, బాగుంది. ఇసబ్‌గోల్ మాటేంటి? యోగా?

వంటిల్లు:
ఇసబ్‌గోల్ విత్తనాలు 10 గ్రాములు రోజుకి రెండుసార్లు ఏడాదిపాటు ఇస్తే, నిమ్మళంగా ఉన్న కొలైటిస్‌లో మెసాలమిన్‌కి దగ్గర్లోనే నిలిచాయని 1999లో స్పెయిన్ నుంచి వచ్చింది. పొట్టు వాడితే 5 గ్రాములతో మొదలెట్టి నిండు గ్లాసు నీళ్ళతో తాగాలి, బిళ్ళలకి రెండు గంటలు ఎడంగా. క్రోన్స్‌లో పేగు సన్నబడ్డ చోటుంటే వద్దే వద్దు. ఉబ్బి అక్కడే అడ్డం పడుతుంది.

లెక్కలమాస్టారు:
యోగాకి 2017లో జర్మనీ నుంచి వచ్చిన పరీక్ష ఉంది. నిమ్మళంగా ఉన్నా బతుకు కుంటుపడ్డ 77 మంది కొలైటిస్ రోగులు, వారానికి 90 నిమిషాలు, 12 వారాలు. సలహాల పుస్తకం మాత్రమే ఇచ్చినవాళ్ళ కంటే ఐబీడీక్యూ పెరిగింది. ఎవరు ఏది చేస్తున్నారో వాళ్ళకే తెలిసిన పరీక్ష కాబట్టి కొంత తరుగు తీసుకోండి. అయినా బిళ్ళతో గొడవపడనిది ఇదొక్కటే.

బిళ్ళలకొట్టు:
ఆకు మందు వాడి తీరాలనుకునేవాళ్ళకి నేను చెప్పే పద్ధతి. మొదలెట్టే ముందు కాల్‌ప్రొటెక్టిన్, హిమోగ్లోబిన్, కాలేయ పరీక్ష, క్రియాటినిన్ చేయించండి. ఒకసారి ఒకటే కొత్తది. మూడు కలిపి మొదలెడితే దేనివల్ల బాగైందో, దేనివల్ల కళ్ళు పచ్చబడ్డాయో తేలదు. పాత బిళ్ళ మోతాదు కదపొద్దు. ఎనిమిది వారాలకి అవే పరీక్షలు మళ్ళీ. అరిష్టాలనే ఆయుర్వేద ద్రవ మందుల్లో పులియడం వల్ల పుట్టే మద్యం ఉంటుంది, కుటజారిష్టంలోనూ. మెట్రొనిడజోల్ నడుస్తున్నన్నాళ్ళూ ఆపండి. డాక్టరుకి సీసా చూపించండి, పేరు చెప్పడం కాదు.

వైనతేయ:
దానికి ఒక హద్దు గీయండి. రోజుకి నెత్తురుతో విరేచనాలు ఆరో అంతకుమించో అయి, నాడి 90 దాటినా, జ్వరం 37.8 డిగ్రీలు దాటినా, హిమోగ్లోబిన్ 10.5 కన్నా తగ్గినా ఇంట్లో ఏ ప్రయోగమూ వద్దు. నేరుగా ఆసుపత్రి. ఆ స్థితిలో నొప్పికని డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం ఇంకా చేటు.

కాల్వగట్టు:
లంక ఊళ్ళ వాళ్ళకి ఆసుపత్రి అంటే పంటు (రేవు దాటించే పడవ) ఎక్కాలి కదండి. వరదకి పంటు ఆగిపోతే?

వైనతేయ:
అందుకే ఆషాఢంలోపే చూసుకోవాలి. మెసాలమిన్ నెలకి సరిపడా, ప్రెడ్నిసొలోన్ దించుతుంటే మిగిలిన వారాల బిళ్ళలు అన్నీ ఇంట్లో ఉండాలి. మధ్యలో ఆగకూడనిది అదే. అడాలిముమాబ్ అనే బయొలాజిక్ సూది 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి కాబట్టి కరెంటు పోయే ఊళ్ళో పెట్టుకోకుండా గట్టుకివతల చుట్టాలింట్లో పెట్టించండి. సూది తేదీ వరదల్లో పడేట్టుంటే ముందే డాక్టరుతో మాట్లాడండి. ఓఆర్ఎస్ పొట్లాలు ఇరవై. పంటు ఆగాక ఊళ్ళో చేతికందేది పొట్లం పొడే అవుతుంది, అది వేసుకోవాల్సిన పని రాకుండా.

మారేడుచెట్టు:
ఇది ఒప్పుకుంటాను. పర్పటి దారం వేరే తెరవండి, అక్కడ కలుద్దాం.