ఈసీజీలో టి తరంగం పైకే ఎందుకు లేస్తుంది?

ప్రశ్న:
డీపోలరైజేషన్ (గుండె కణాలు విద్యుత్తుతో ఉత్తేజితమవడం) పాజిటివ్ ఎలక్ట్రోడ్ వైపు వస్తే గీత పైకి లేస్తుందని చదివాను. రీపోలరైజేషన్ (అవి తిరిగి కోలుకోవడం) దానికి విరుద్ధం కదా? మరి లీడ్ 2లో, అంటే గుండెను ఒక కోణం నుంచి చూపే గీతలో, జఠరికల (గుండె కింది గదుల) డీపోలరైజేషన్ చూపే క్యూఆర్‌ఎస్‌తో పాటు వాటి రీపోలరైజేషన్ చూపే టి కూడా పైకే ఎందుకుంటుంది?

జవాబు 1:
రెండూ ఒకే దారిలో సాగితే మీరన్నట్టు టి కిందికే దిగేది. కానీ అలా సాగవు. విద్యుత్ ప్రేరణ పర్కింజీ తంతువుల (ప్రేరణను వేగంగా మోసే ప్రత్యేక తంతువులు) ద్వారా ముందు జఠరికల లోపలి పొరకు చేరి, అక్కణ్నుంచి బయటి పొరకు పాకుతుంది. బయటి పొర కణాల్లో యాక్షన్ పొటెన్షియల్ (కణం ఒకసారి ఉత్తేజితమై కోలుకునే విద్యుత్ మార్పు) నిడివి తక్కువ. అందుకే అవి ఆఖరున ఉత్తేజితమైనా ముందుగా కోలుకుంటాయి. అంటే రీపోలరైజేషన్ బయటి నుంచి లోపలికి నడుస్తుంది. ఆవేశమూ తిరగబడింది, దిశా తిరగబడింది. అందుకే గీత మళ్లీ పైకే.

టి వెడల్పుగా ఉండడమూ ఇందులో భాగమే. క్యూఆర్‌ఎస్ పర్కింజీ మార్గంలో వేగంగా వ్యాపిస్తుంది కాబట్టి మామూలుగా 0.12 సెకన్ల లోపే (మూడు చిన్న గళ్లు) ముగుస్తుంది. కోలుకోవడానికి అలాంటి ప్రత్యేక మార్గం లేదు, ఏ కణం గడువు దానిదే.

ఎడమ జఠరికకు ప్రేరణ చేర్చే దారి మూసుకుపోయే ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్‌లో చూడండి: ప్రేరణ కండరం గుండా మెల్లగా వెళ్తుంది, క్రమం మారుతుంది, ఛాతీ ఎడమ పక్క పెట్టే లీడ్ వి6లో క్యూఆర్‌ఎస్ పైకి, టి కిందికి. అక్కడ అది ఊహించదగినదే, దానంతటది ఇస్కీమియాకు (గుండె కండరానికి రక్తం చాలకపోవడానికి) రుజువు కాదు.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైంది. మరి మరో లీడ్ అయిన ఏవీఆర్‌లో అన్నీ తలకిందులుగా ఉంటాయెందుకు?

జవాబు 2:
దాని పాజిటివ్ కొన కుడి చేయి. గుండెలో ప్రేరణ ప్రధానంగా ఎడమకు, కిందికి, అంటే దానికి దూరంగా పోతుంది. కాబట్టి పి (గుండె పై గదుల డీపోలరైజేషన్), క్యూఆర్‌ఎస్, టి మూడూ కిందికే ఉండాలి.

ఏవీఆర్‌లో అవి పైకి ఉండి, లీడ్ 1లో పి సహా అన్నీ కిందికి ఉంటే, ముందు చేతుల వైర్లు చూడండి. కుడి ఎడమలు మారితే లీడ్ 1 తిరగబడుతుంది, 2-3 స్థానాలు మార్చుకుంటాయి, ఏవీఆర్-ఏవీఎల్ (ఎడమ చేయి లీడ్) కూడా అంతే. ఛాతీ లీడ్లు మాత్రం మారవు. వి1 నుంచి వి5 దాకా ఆర్ (క్యూఆర్‌ఎస్‌లో పైకి లేచే భాగం) మామూలుగా పెరుగుతుంటే వైర్ల తప్పే అయివుంటుంది. వి6 వైపు వెళ్లేకొద్దీ అది తగ్గిపోతుంటే డెక్స్‌ట్రోకార్డియా (గుండె కుడివైపు ఉండడం) గురించి ఆలోచించాలి. వైర్లు సరిచేసి మళ్లీ తీయండి, పాత కాగితం మీద గుర్తులు దిద్దొద్దు.

జవాబు 3:
టి ఎత్తు చూసేముందు కాలిబ్రేషన్ గుర్తు (కాగితం మీద కొలత స్కేలు చూపేది) చూడండి. 1 మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్లు ఉండాలి. 5కి పెట్టివుంటే ప్రతి తరంగమూ సగమే కనిపిస్తుంది.