ఫ్రాన్స్‌లో ఆర్బిట్రేషన్‌కి రెండు రకాల రూల్స్ ఎందుకు?

రాత్రిచదువు:
సెమినార్ కోసం ఫ్రెంచ్ ఆర్బిట్రేషన్ (కోర్టుకి బదులు మధ్యవర్తుల దగ్గర వివాదం తేల్చుకోవడం) చదువుతున్నా. దేశీయ వివాదాలకి ఒక రూల్స్, అంతర్జాతీయ వాటికి ఇంకో రూల్స్, అదీ ఒకే కోడ్‌లో పక్కపక్కనే. ఎందుకిలా? ఇంకోటి, వేరే దేశపు కోర్టు కొట్టేసిన అవార్డును (మధ్యవర్తుల తీర్పును) కూడా పారిస్‌లో అమలు చేస్తారట, నిజమేనా?

పాతఫైలు:
విప్లవకాలంలో, 1790లో, ఆర్బిట్రేషన్‌ని నెత్తిన పెట్టుకున్నారు. 1806 సివిల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి అదే అనుమానంగా మారింది: వివాదం ఏమిటో, ఆర్బిట్రేటర్లు ఎవరో ఒప్పందంలో రాయకపోతే చెల్లదన్నారు. రేపు రాబోయే గొడవ గురించి ఈరోజు ఏం రాస్తాం? దాంతో 1843లో సుప్రీం స్థాయి కోర్టు ముందస్తు క్లాజులు చెల్లవనేసింది. వ్యాపార ఒప్పందాలకి ఊరట దొరికింది 1925 డిసెంబరు 31 చట్టంతోనే. అంతర్జాతీయ కేసుల్లో మాత్రం జడ్జీలే తోవ వేశారు, 1963 గోసె తీర్పు చూడండి, అసలు కాంట్రాక్టు చెల్లకపోయినా అందులోని ఆర్బిట్రేషన్ క్లాజు విడిగా నిలబడుతుందన్నది. 1980 డిక్రీ (ప్రభుత్వ ఉత్తర్వు) దేశీయానికి, 1981 డిక్రీ అంతర్జాతీయానికి. 2011 జనవరిలో మొత్తం తిరగరాశారు గానీ రెండిటినీ కలపలేదు, మంచిపనే చేశారు.

క్లాజుమాస్టర్:
ఆచరణలో తేడా పెద్దదే. దేశీయంలో ఒప్పందం రాతలో ఉండాల్సిందే, అంతర్జాతీయంలో ఏ రూపమూ అక్కర్లేదు (సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్టికల్ 1507). తీర్పుకి గడువు రాసుకోకపోతే దేశీయంలో ఆరు నెలలు. పార్టీలు ఏ దేశస్తులన్నది లెక్క కాదు, ఇద్దరూ ఫ్రెంచ్ కంపెనీలే అయినా అంతర్జాతీయ వాణిజ్య ప్రయోజనాలు ముడిపడి ఉంటే ఆర్టికల్ 1504 కింద అది అంతర్జాతీయమే. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

పాతఫైలు:
రెండో ప్రశ్నకి, అవును, నిజమే. పుత్రబాలి కేసు చదవండి. ఇండోనేషియా కంపెనీ పంపిన తెల్ల మిరియాలు ఓడతోపాటు మునిగాయి. కొన్న ఫ్రెంచ్ కంపెనీ డబ్బు కట్టక్కర్లేదని లండన్‌లో 2001లో అవార్డు వచ్చింది. ఇంగ్లిష్ కోర్టు దాన్ని కొంతమేర కొట్టేస్తే 2003 అవార్డులో కట్టాలని తేలింది. ఫ్రెంచ్ కంపెనీ ఏమో మొదటి అవార్డుకే పారిస్‌లో అమలు తెచ్చుకుంది! అంతర్జాతీయ అవార్డు ఏ ఒక్క దేశపు న్యాయవ్యవస్థకీ కట్టుబడి ఉండదని 2007లో అత్యున్నత కోర్టు ఖాయం చేసింది. అమలు కోరే దేశంలో ఇంతకన్నా అనుకూలమైన రూల్ ఉంటే దాన్ని వాడుకోవచ్చని న్యూయార్క్ కన్వెన్షన్ (విదేశీ అవార్డుల అమలుపై అంతర్జాతీయ ఒప్పందం) ఏడో ఆర్టికల్ కూడా ఒప్పుకుంటుంది.

రాత్రిచదువు:
అమ్మో. మరి రెండో అవార్డు గెలిచినవాళ్ల సంగతి?

పాతఫైలు:
ఫ్రాన్స్‌లో చెల్లలేదు, మొదటిది అప్పటికే అమలు ఉత్తర్వు పొందింది కదా.

క్లాజుమాస్టర్:
నాకైతే ఇది మింగుడు పడదు. లండన్‌లో తేల్చుకుందామని ఒప్పుకున్నది ఆ రెండు కంపెనీలే, అక్కడి కోర్టు చెయ్యి పెడుతుందని తెలియక కాదు. సెమినార్‌లో దీని మీద ప్రశ్న వస్తుంది, రెండు వైపులా వాదన రెడీ చేసుకోండి.