గ్యాస్ గీజర్‌లో ఈ1 (E1) ఎర్రర్ కోడ్ వస్తే మనమే విప్పాలా, మెకానిక్‌ను పిలవాలా?

బాడుగ_అనంత:
మేముండేది అనంతపురం రామ్‌నగర్‌లో, బాడుగ ఇల్లు. బాత్రూములో ఓనర్ పెట్టించిన 6 లీటర్ల గ్యాస్ గీజర్ ఉంది, ముందువైపు చిన్న డిస్‌ప్లే. చలికాలం మొదట్లో ఈ3 అని చూపించి ఆగిపోయేది. ఓనర్ పంపిన మెకానిక్ ఏదో చేసి 350 తీసుకున్నాడు, ఈ3 పోయింది. ఇప్పుడు ఈ1 వస్తోంది. ట్యాప్ తిప్పగానే బాగానే అంటుకుంటుంది, కాసేపటికి ఆరిపోతుంది. తలకు షాంపూ పెట్టుకున్నాక ఆరితే ఎట్లుంటుందో మీకే తెలుసు. బుక్‌లెట్‌లో ఈ3 అంటే అతిగా వేడెక్కడం, ఈ1 అంటే మంట అందలేదు అని ఉంది. నేనే విప్పి చూసుకోవచ్చా? మళ్లీ మెకానిక్ అంటే ఓనర్ 'వాడకం మీది, రిపేరూ మీదే' అంటున్నారు.

బురుజు_నీడ:
మెకానిక్ ఎందుకు బ్రదర్, సెల్లులు మార్చండి. ఈ1 అంటే ఇగ్నిషన్, అంటే మంట అంటించడం, ఇగ్నిషన్ అంటే సెల్లులు. కింద డబ్బాలో రెండు పెద్ద సెల్లులుంటాయి, ఒక్కొక్కటి 1.5 వోల్టులు. బలం తగ్గితే స్పార్క్ వస్తుంది గానీ గ్యాస్ వాల్వును తెరిచి పట్టుకునే శక్తి ఉండదు. కర్నూలులో మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది. ఒక మహానుభావుడు వచ్చి సర్క్యూట్ బోర్డు పోయిందని 1,800 తీసుకున్నాడు. నెల తిరక్కుండా మళ్లీ ఈ1. నేను సెల్లులు మారిస్తే నడిచింది. బోర్డు డబ్బులు గంగపాలు.

ఎండ_ఉంది_కదా:
సోలార్ పెట్టుకోండి సామీ. అనంతపురంలో ఎండకేం కరువు.

బాడుగ_అనంత:
బాడుగ ఇంటికి సోలార్ నేనెట్లా పెట్టిస్తానన్నా. సెల్లులు మార్చాను, కొత్తవే. అయినా ఈ1 వస్తోంది.

బురుజు_నీడ:
ఏ సెల్లులు? పది రూపాయల మామూలు సెల్లులు పనికిరావు, ఆల్కలైన్ వేయాలి. ఊరికే మీటరు పెడితే 1.5 చూపిస్తుంది. గీజర్ నడుస్తుండగా చూడండి, పడిపోతుంది.

గార_బాధితుడు:
కడప నుంచి. మీది బోరు నీళ్లా, కుళాయి నీళ్లా? బోరైతే సెల్లుల గొడవ వదిలేయండి. లోపల రాగి గొట్టంలో సున్నం గార కట్టేసి ఉంటుంది. గార కడితే వేడి నీళ్లలోకి దిగదు, గొట్టం కాలిపోతుంది, ఈ3 అందుకే వస్తుంది. మా ఇంట్లో గీజరే కాదు, ఇస్త్రీ పెట్టె, షవర్ జల్లెడ అన్నీ తెల్లబడ్డాయి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు గొట్టంలో నింపి కాసేపు ఉంచి కడిగిస్తే పోయింది.

బురుజు_నీడ:
ఆయన అడిగింది ఈ1 గురించి. ఈ3 పోయింది అని ఆయనే రాశారు. ప్రశ్న చదవండి.

స్పానర్_కడప:
నేను ఈ పనే చేస్తాను. ఒక మాట. కోడ్ అంటే ఏ పార్టు పోయిందో చెప్పేది కాదు. బోర్డుకు ఏ దశలో ఏం కనబడలేదో చెప్పేది, అంతే. అదీ కంపెనీకో రకం. ఒకరి ఈ1 ఇంకొకరికి ఈ2 కావచ్చు, అందుకే ఆ బుక్‌లెట్టే చూడాలి. మీ బుక్‌లెట్ ప్రకారం బోర్డుకు మంట కనబడలేదు. మంటలో ఒక సన్నని కడ్డీ ఉంటుంది. మంట గుండా చాలా కొద్ది కరెంటు పారుతుంది, అది అందితేనే బోర్డు గ్యాస్ వాల్వును తెరిచి ఉంచుతుంది. కడ్డీకి మసి పట్టినా, మంట పక్కకు ఎగిరినా కరెంటు అందదు.

అసలు అంటుకోకపోతే సెల్లులో, నీటి ఒత్తిడో, ఆ ఒత్తిడికి కదిలే రబ్బరు పొర, డయాఫ్రమో చూస్తాం. మీది అంటుకుని, కాసేపు మండి, ఆరుతోంది. రెండింటికీ చాలా తేడా ఉంది. మూడు సంగతులు చెప్పు తమ్ముడూ. తలుపు వేసుకున్నప్పుడే ఆరుతోందా? మంట ఏ రంగులో ఉంది? ఈ3కి ఆ మెకానిక్ సరిగ్గా ఏం చేశాడు?

బాడుగ_అనంత:
స్నానానికి తలుపు వేసుకోకుండా ఎట్లన్నా. బట్టలు నానబెట్టడానికి నీళ్లు పడితే ఆరలేదు, అప్పుడు తలుపు తీసే ఉంది, అది నిజమే. మంట కొసలు పసుపుగా ఉన్నాయి. మెకానిక్ పైన గుండ్రటి చిన్న పార్టు తీసేసి, దాని రెండు వైర్లూ కలిపి టేపు చుట్టాడు. 'ఈ సెన్సార్ దండగ, ఊరికే ఆపుతుంది' అన్నాడు. స్నానం చేసి వచ్చాక మా ఆవిడకు తలనొప్పి వస్తోంది. చలికి అనుకున్నాం.

స్పానర్_కడప:
ఇప్పుడే ఆపేయండి. ఈ రోజు నుంచి నీళ్లు స్టవ్ మీద కాచుకోండి. తలనొప్పి సంగతి డాక్టరుకు చెప్పండి, గ్యాస్ గీజర్ వాడుతున్నామని కూడా చెప్పండి. వాడు తీసేసింది థర్మోస్టాట్. గొట్టం మరీ వేడెక్కితే గ్యాస్ కట్ చేసేది అదే.

పసుపు మంట అంటే గాలి చాలడం లేదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. సిలిండర్ గ్యాస్ లీకైతే వాసన వస్తుంది, ఎందుకంటే వాసన మందు కలుపుతారు. ఈ విషవాయువుకు ఏ వాసనా ఉండదు. రక్తాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కళ్లు తిరుగుతున్నాయని తెలిసేలోపే మనిషి పడిపోతాడు, లోపల గడియ వేసి ఉంటుంది.

బురుజు_నీడ:
వచ్చింది భయపెట్టే బేరం. ముందు ప్రాణం పోతుందంటారు, తర్వాత బిల్లు చేతిలో పెడతారు. మా ఇంట్లోనూ బాత్రూములోనే ఉంది, ఎన్నేళ్లుగానో వాడుతున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఆల్కలైన్ సెల్లులు వేశారా లేదా అన్న దానికి జవాబు ఇంకా రాలేదు.

స్పానర్_కడప:
బిల్లా? నేను కడపలో ఉన్నాను, ఆయన అనంతపురంలో. నాకేం బేరం?

లెక్క చెప్తా వినండి. 1 కిలో గ్యాస్ పూర్తిగా మండాలంటే సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఈ సైజు గీజర్ గంటకు సుమారు ముప్పాతిక కిలో తాగుతుంది, స్టవ్ మీది పెద్ద బర్నర్‌కు మూడు నాలుగు రెట్లు. 5 అడుగులు, 6 అడుగుల బాత్రూము, ఎత్తు 8 అడుగులు అనుకుంటే అందులో గాలి 7 ఘనపు మీటర్లు కూడా లేదు. పావుగంట స్నానంలో మూడో వంతు గాలి మంటలోకి పోయి, కాలిన గాలిగా అదే గదిలోకి వస్తుంది. మీ ఇంట్లో కిటికీ తెరిచి ఉంటుందేమో, అందుకే నడుస్తోంది.

ఇంకొకటి కూడా చెప్తా, కోపం వచ్చినా సరే. ఆ వైర్లు కలపమని అడిగేది ఎవరు? కస్టమర్లే. గార కడగాలి, గొట్టం చుట్టూ ఉండే పల్చటి రేకుల, అదే ఫిన్నుల మసి దులపాలి, సగం రోజు పని, 900 అవుతుందంటే 'ఆ ముక్క తీసేస్తే నడుస్తుందంట కదా, పక్కింటోళ్లకు 300కే చేశారు' అంటారు. నేను చేయనంటే ఇంకొకడిని పిలుస్తారు. చివరికి మెకానిక్కులంతా దొంగలు.

గార_బాధితుడు:
అంటే ఈ3 గార వల్లే కదా. నేను చెప్పిందే.

సాయినగర్_ఓనర్:
ఇంతసేపూ చదివాను, ఓనర్ మాట ఎవరూ రాయలేదు. మాకు నాలుగు పోర్షన్లున్నాయి. చలి అని, దోమలని బాడుగవాళ్లే వెంటిలేటర్‌కు థర్మాకోల్ పెట్టి టేపు వేస్తారు. గీజర్ చెడితే ఓనర్‌కు ఫోన్. మేము కాపలా ఉండాలా?

బాడుగ_అనంత:
మా వెంటిలేటర్ మేము మూయలేదు సార్. వెనక ఓనర్ గారు ఇంకో గది కట్టించి, ఆ గోడ కలిపేశారు. బయట నుంచి ఇటుకలు కనబడుతున్నాయి. అది చెప్తే 'ఇన్నాళ్లూ ఉన్నవాళ్లకు రాని సమస్య మీకెందుకు వచ్చింది' అన్నారు. అడ్వాన్సులో కోస్తామని కూడా అన్నారు.

సాయినగర్_ఓనర్:
ఆ సంగతి మొదటే రాయాల్సింది. సెల్లులని, గార అని ఇంత గొడవ ఎందుకు? కానీ గది కట్టుకోవడం ఆయన హక్కు. మీకు గాలి చాలకపోతే గీజర్ వాడొద్దు.

చిత్రావతి:
బాడుగలో గీజర్ ఉందని 500 ఎక్కువ తీసుకునేటప్పుడు ఆ మాట అంటారా సార్? మా ధర్మవరంలోనూ ఇదే పాట. టు లెట్ బోర్డు మీద 'గీజర్ సౌకర్యం కలదు'. అది చెడితే 'మీ వాడకం'.

సాయినగర్_ఓనర్:
అందరు ఓనర్లూ ఒకటి కాదమ్మా. పార్టులు నేను ఇస్తా, సర్వీసు వాళ్లు చేయించుకోవాలి. అది న్యాయం.

స్పానర్_కడప:
పార్టుల గొడవ కాదు సార్ ఇది. ఆ గీజర్ ఆ గదిలో ఉండకూడదు. కొత్త సెల్లులు, కొత్త బోర్డు, కొత్త గీజరే పెట్టినా మూసిన గదిలో మళ్లీ ఈ1 వస్తుంది. రాకపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే మంట ఆరదు. గోడకు బయట బిగించి, వేడి నీళ్ల పైపు మాత్రమే లోపలికి తేవాలి.

బురుజు_నీడ:
బయట పెడితే గాలికి ఆరిపోదా? వానకు తడవదా?

స్పానర్_కడప:
పైన రేకు వేయాలి, ఎదురుగాలి తగలని పక్క చూసుకోవాలి. ముందూ కిందా మూయకూడదు. సిలిండర్ కూడా బయటే, నిలువుగా. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, అందుకని గుంటలో పెట్టొద్దు. కంపెనీ రబ్బరు పైపు వేయండి, దాని మీద తేదీ చూసుకోండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి.

బాడుగ_అనంత:
గీజర్ ఆపేశాం, సిలిండర్ వాల్వు కట్టేశాను. ఇంకో మెకానిక్ వచ్చి చూశాడు. పైన ఫిన్నుల నిండా మసి, గొట్టంలో గార కూడా ఉంది. కొత్త థర్మోస్టాట్ వేసి కడగడానికి 1,100 అన్నాడు. బయటికి మార్చడానికి పైపు, రేకు, కూలి విడిగా. ఓనర్ గారికి ఇక్కడ స్పానర్ అన్న రాసిన మాటలన్నీ వాట్సాప్‌లో పంపాను. చదివారు, జవాబు ఇవ్వలేదు.

సాయినగర్_ఓనర్:
మార్చడానికి అయ్యేది సగం సగం అడిగి చూడండి. ఒప్పుకుంటారు.

చిత్రావతి:
ఆయన కట్టించిన గోడకు ఈయన సగం ఎందుకివ్వాలి?