బ్యాక్టీరియాకు ముసలితనం ఉందా, లేదా?

బడిపంతులు:
తొమ్మిదో తరగతికి కణవిభజన చెబుతూ నిన్న ఓ మాట అన్నాను: "బ్యాక్టీరియాను వేడి చంపాలి, మందు చంపాలి, అంతేగానీ వయసు చంపదు." ద్విధావిచ్ఛిత్తిలో ఒకటి రెండవుతుంది. రెండూ పిల్లలే, ముసలవడానికి తల్లి అంటూ మిగలదు. మన కణాలు అలా కాదు. 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు పెంచిన మనిషి కణాలు ఇంచుమించు 50 విభజనలయ్యాక ఆగిపోయాయి. విభజన జరిగినప్పుడల్లా క్రోమోజోముల కొసలు కాస్త కాస్త అరుగుతాయి మరి. బ్యాక్టీరియా డీఎన్‌ఏ చాలావాటిలో చేతిగాజులా గుండ్రం, అరగడానికి కొసే లేదు. నా తోటి టీచరు మాత్రం నేను చెప్పింది తప్పన్నారు. మీరేమంటారు?

ల్యాబుమనిషి:
ఆ టీచరుగారి మాటే నిజం, మాస్టారూ. ఈ.కోలై అనే కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా నడిమికి తెగితే, తెగిన చోట రెండు పిల్లలకూ కొత్త కొన పుడుతుంది. అవతలి కొన పాతది. ఎన్ని తరాలైనా అన్నింటికన్నా పాత కొన ఏదో ఒక్క కణం దగ్గరే ఉంటుంది. 2005లో ఎరిక్ స్టూవర్ట్ బృందం 35 వేలకు పైగా కణాల వంశవృక్షం గీసింది. పాత కొన దక్కినవి తోబుట్టువులకన్నా నెమ్మదిగా పెరిగాయి. ముద్దకట్టిన ప్రోటీన్లు పాత కొనలోనే పేరుకుంటాయని 2008లో చూపారు. తల్లి ఉంది, మన కంటికి ఆనలేదంతే.

సన్నసందు:
అన్నా, 2010 ప్రయోగం వదిలేశారే? స్టూవర్ట్ వాళ్లు చూసింది మహా అయితే తొమ్మిది తరాలు. హార్వర్డ్‌లో పాత కొన కణాన్ని సన్నటి సందు అడుగున నిలిపి, పుట్టిన పిల్లలు పైనుంచి ధారలో కొట్టుకుపోయేలా అమర్చి, వందల తరాలు చూశారు. పెరిగే వేగం తగ్గనే లేదు. ముసలితనమైతే ఎక్కడో ఒకచోట కుంగాలి కదా!

ల్యాబుమనిషి:
వేగం ఒక్కటే వయసుకు కొలతా తమ్ముడూ? కాలోబ్యాక్టర్ అనే ఇంకో బ్యాక్టీరియాను చూడు. కాడ ఉన్న తల్లి అంటుకున్న చోటే ఉండి, ఈదే పిల్లను వదులుతుంది. ఆ తల్లులకు వయసు మీదపడేకొద్దీ పిల్లల్ని కనడం తగ్గిందని 2003లోనే తేలింది.

సన్నసందు:
కాలోబ్యాక్టర్ సంగతి ఒప్పుకుంటాను. అందులో తల్లీ పిల్లా రూపంలోనే వేరు. దాన్ని చూపించి ఈ.కోలైకి తీర్పు చెప్పకండి.

బడిపంతులు:
నా పొరపాటు ఎక్కడుందో తెలిసింది. బ్యాక్టీరియాకు కేంద్రకం లేదు, విభజనలో క్రోమోజోములను చెరోపక్కకు లాగే కండె తంతువులు లేవు, కాబట్టి సరిసమానంగా చీలుతుందని నేనే కలుపుకున్నాను. పద్ధతి సులువైనంత మాత్రాన పంపకం సమానమని ఎవరన్నారు? అసలు అది అంత సులువూ కాదు. బ్యాక్టీరియా నడుము చుట్టూ ఉంగరం కట్టే ఎఫ్‌టీఎస్‌జెడ్ ప్రోటీను, మన కండె తంతువులను కట్టే ట్యూబ్యులిన్‌కు చుట్టమే. ఈ సంగతి పిల్లలకు ఇన్నేళ్లుగా చెప్పనందుకు బాధగా ఉంది. రేపు బోర్డు మీద కాలోబ్యాక్టర్ బొమ్మ గీస్తాను. ఈ.కోలై దగ్గర "ముసలితనం రాదు" అన్న వాక్యం కొట్టేస్తాను. "వస్తుంది" అని మాత్రం రాయను.