ఓఎస్ ఎక్కించకముందే సర్వర్లో డిస్కులు, ఐపీలు ఎలా సెట్ చేసుకోవాలి?

ప్రశ్న, గుంటూరు నుంచి

నమస్తే అండి. మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలూ కంప్యూటర్లూ రెండూ నేనే చూస్తాను. ఇన్నాళ్ళూ బిల్లింగంతా ఒక మామూలు పీసీ మీదే నడిచింది. మొన్న సీజన్లో గేటు బయట లారీలు లైన్లో ఉండగా దాని హార్డ్‌డిస్కు టకటకా కొట్టుకుని ఆగిపోయింది, రెండు రోజులు గేట్ పాసులన్నీ చేత్తో రాశాం. దాంతో మా ఓనర్ గారు ఒక సెకండ్‌హ్యాండ్ టవర్ సర్వర్ కొనిచ్చారు. నాలుగు 4 టీబీ డిస్కులు, ఒక రెయిడ్ కార్డు (డిస్కులన్నీ కలిపి నడిపేది), వెనకాల రెండు నెట్‌వర్క్ పోర్టులు, సర్వర్‌ని దూరం నుంచి చూసుకోవడానికి విడిగా మేనేజ్‌మెంట్ పోర్టు ఇంకోటి. ఓఎస్‌గా ఉబుంటు సర్వర్ వేద్దామని పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేస్తే ఇన్‌స్టాలర్లో ఒక్క డిస్కు కూడా కనపడట్లేదు. రెయిడ్ 5 పెట్టాలా, 10 పెట్టాలా? ఐపీ (నెట్‌వర్క్‌లో సర్వర్‌ని గుర్తుపట్టే నంబరు) ఇప్పుడే ఇవ్వాలా, తర్వాత ఇవ్వొచ్చా? మొత్తం తొమ్మిది కంప్యూటర్లు, ఒకటి కాటా దగ్గర ఉంటుంది. డేటా 300 జీబీ లోపే. యార్డుకి వేసవి సెలవులు అయిపోయేలోపు నడిపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు, విజయవాడ ఆటోనగర్ నుంచి

డిస్కులు పోలేదు తమ్ముడూ, కంగారు పడకు. కార్డు రెయిడ్ మోడ్‌లో ఉంటే, నువ్వు డిస్కుల్ని కలిపి ఒక వర్చువల్ డిస్కు తయారు చేసేదాకా ఓఎస్‌కి ఏమీ చూపించదు. సర్వర్ ఆన్ అయ్యేటప్పుడు కార్డు సెటప్‌లోకి వెళ్ళు. సెకండ్‌హ్యాండ్ కాబట్టి పాత వాళ్ళు కట్టిన రెయిడ్ తాలూకు వివరాలు డిస్కుల మీదే ఉండిపోయి, ‘ఫారిన్ కాన్ఫిగరేషన్’ అని అడగొచ్చు. ఆ డేటా ఎవరికీ అక్కర్లేదని అమ్మినాయన్ని ఒకసారి కనుక్కుని క్లియర్ చెయ్యి.

ఇక రెయిడ్ సంగతి. 5లో ఒక డిస్కంత చోటు, పోయిన డిస్కుని తిరిగి లెక్కగట్టే సమాచారానికి పోతుంది. 10లో రెండేసి డిస్కులు ఒకే డేటాతో జతగా ఉంటాయి. అందుకే 5 అయితే 12 టీబీ వస్తుంది, 10 అయితే 8. నీ డేటా 300 జీబీ, ఆ మిగతా నాలుగు టీబీ నీకెందుకు? 10 పెట్టు. రెయిడ్ 5లో ఒక డిస్కు పోతే, కొత్తది పెట్టాక మిగిలిన మూడూ మొదటి నుంచి చివరిదాకా చదివితేగానీ అది నిండదు. ఇంత సైజు డిస్కులకి గంటల తరబడి పడుతుంది. ఆ మూడూ పాతవే, ఒకే వయసువే, పైగా మే నెలలో ఆఫీసు కట్టేశాక ఏసీ ఉండదు. ఆ మధ్యలో రెండోది పోయిందా, మొత్తం పోయినట్టే. రెయిడ్ 10లో అయితే పోయిన డిస్కు జత ఒక్కటి చదివితే చాలు. అయినా రోజూ బ్యాకప్ వేరే పెట్టుకోవాల్సిందే, ఎవరైనా పొరపాటున ఫైలు డిలీట్ చేస్తే రెయిడ్ ఏమీ కాపాడలేదు.

రెయిడ్ కట్టకముందే ఒక్కో డిస్కు స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చేది) చూడు, రీఎలొకేటెడ్ సెక్టార్లు (పాడైతే బదులుగా వేరేచోటికి మార్చినవి) పెరుగుతున్న డిస్కుని పక్కన పెట్టెయ్. ఏ స్లాట్లో ఏ సీరియల్ నంబరో కాగితం మీద రాసి మూత లోపలి వైపు అంటించు. రేపు ఒకటి పోయినప్పుడు తొందరలో బాగున్న డిస్కుని లాగేవాళ్ళని కళ్ళారా చూశాను. కార్డు బ్యాటరీ కూడా చూడు. అది చచ్చిపోయి ఉంటే రైట్ త్రూలోనే (నేరుగా డిస్కు మీదే రాసే పద్ధతి) ఉండనివ్వు, స్పీడు కోసం బలవంతంగా రైట్ బ్యాక్ (ముందు కార్డు మెమరీలో పెట్టి, తర్వాత డిస్కుకి రాసేది) పెడితే కరెంటు పోయినప్పుడు ఆ మెమరీలో, అంటే క్యాష్‌లో ఉన్న బిల్లులు పోతాయి.

బూట్ మోడ్ (సర్వర్ మొదలయ్యే పద్ధతి) యూఈఎఫ్ఐ పెట్టుకో, పార్టిషన్ టేబుల్ (డిస్కుని భాగాలు చేసిన పట్టిక) జీపీటీ. పాత ఎంబీఆర్ పద్ధతిలో 2 టీబీ దాటితే వాడుకోలేవు.

జవాబు, గుంటూరు బ్రాడీపేట నుంచి

డిస్కుల గురించి అన్న చెప్పేశారు, నేను నెట్‌వర్క్ చెప్తాను. ఐపీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఇచ్చేయండి, కానీ దానికంటే ముందు రౌటర్‌లోకి వెళ్ళి అది ఐపీలు ఏ నంబర్ల నుంచి ఏ నంబర్ల దాకా పంచుతోందో చూడండి. నేనొక ల్యాబ్‌లో సర్వర్ ఐపీకి చివర 100 పెట్టాను, గుర్తుండిపోయే నంబరు కదా అని. రౌటర్ పంచే వరస మొదలయ్యేదే 100 దగ్గర. పదిహేను రోజులు బాగానే నడిచింది. ఒక సోమవారం పొద్దున ఎవరి ఫోనో వైఫైకి కనెక్ట్ అయితే రౌటర్ దానికీ అదే ఇచ్చింది. రిపోర్టులు ఒక నిమిషం ప్రింటవుతాయి, ఒక నిమిషం ఆగిపోతాయి. బయట పేషెంట్లు కూర్చుని ఉన్నారు, నేను కేబుళ్ళు మారుస్తూ మూడు గంటలు కూర్చున్నాను. ఆ మూడు గంటలు ఇప్పటికీ మర్చిపోలేను. అందుకే రౌటర్ 100 నుంచి 200 దాకా పంచుతుంటే మీరు సర్వర్‌కి 10, మేనేజ్‌మెంట్ పోర్టుకి 11 ఇవ్వండి. ముందు పింగ్ కొట్టి ఆ నంబర్లు ఇంకెవరూ వాడట్లేదని చూసుకోండి. మేనేజ్‌మెంట్ పోర్టు పాస్‌వర్డ్ మార్చకుండా మాత్రం కేబుల్ పెట్టొద్దు.

రెండు పోర్టులూ కలిపి బాండ్ చెయ్యొచ్చు. మీ దగ్గర ఉన్నది మామూలు స్విచ్చే అయితే ఎల్ఏసీపీ (స్విచ్‌తో కలిసి రెండు పోర్టుల్నీ ఒకటిగా వాడేది) పనిచెయ్యదు, యాక్టివ్ బ్యాకప్ (ఒక పోర్టు పోతే రెండోది అందుకునేది) పెట్టండి, దానికి స్విచ్‌లో ఏమీ మార్చక్కర్లేదు. గేట్‌వే (బయటికి వెళ్ళే దారి, అంటే రౌటర్ ఐపీ) ఒక్కటే ఇవ్వాలి. ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులు ఉండే నెట్‌ప్లాన్ ఫైల్‌లో ట్యాబ్ కొట్టకండి, స్పేస్‌లే.

ప్రశ్న అడిగిన నేనే, గుంటూరు

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. నిజంగానే పాత కాన్ఫిగరేషన్ ఉంది, అడిగి క్లియర్ చేశాను. రెయిడ్ 10 కట్టి యూఈఎఫ్ఐలో ఇన్‌స్టాల్ చేశాను, కానీ 8 రావాల్సింది 7.2 చూపిస్తోంది. పైగా లోపల చూస్తే రూట్‌కి (ఓఎస్ ఉండే భాగం) 100 జీబీయే ఉంది. ఏమైనా తప్పు చేశానా?

జవాబు, విజయవాడ ఆటోనగర్ నుంచి

తప్పేం లేదు. డిస్కు కంపెనీవాళ్ళు వెయ్యితో లెక్కేస్తారు, సిస్టమ్ 1024తో లెక్కేస్తుంది, తేడా అదే. ఆ 100 జీబీ ఉబుంటు ఇన్‌స్టాలర్ పద్ధతి, ఎల్‌వీఎం (డిస్కు చోటుని తర్వాత పెంచుకోగలిగే వాల్యూమ్‌లుగా పంచేది) ఎంచుకుంటే మిగతాది ఖాళీగా వదిలేస్తుంది. అది మంచిదే, రూట్‌ని అలాగే ఉంచి బిల్లింగ్ డేటాకి విడిగా ఒక టీబీ వాల్యూమ్ చేసుకో, అవసరమైనప్పుడు పెంచుకోవచ్చు. బయోస్‌లో కరెంటు తిరిగొస్తే దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టు. అసలు డేటా ఎక్కించకముందే, సర్వర్ నడుస్తుండగా ఒక డిస్కు లాగి చూడు. ఏమవుతుందో ఇప్పుడే తెలియాలి.

ప్రశ్న అడిగిన నేనే, గుంటూరు

మూడో స్లాట్ లాగాను అండి. చెయ్యి వణికింది. కార్డు బీప్ కొట్టడం మొదలుపెట్టింది, కాటా దగ్గర కంప్యూటర్లో టెస్ట్ బిల్లు మాత్రం ఆగకుండా వచ్చింది. మళ్ళీ పెట్టాను, రీబిల్డ్ (ఆ డిస్కులో డేటా తిరిగి నింపడం) 14 శాతం దగ్గర ఉంది. సీరియల్ నంబర్ల కాగితం మూత లోపల అంటించాను.