గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) సంతకం లేని గ్రామసభ తీర్మానం చెల్లుతుందా?

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా, తెలంగాణ సరిహద్దు. ఊరి పక్కన కొత్త అంతర్రాష్ట్ర చెక్‌పోస్టు, దాని రోడ్డు కోసం 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11 కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. అంతా మరాఠీలోనే ఉంది. మిరపచేల గట్ల మీద ఎర్ర రంగు రాళ్లు పాతాకే చాలామందికి విషయం తెలిసింది.

ఇది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే రాజ్యాంగం కింద ఆదివాసీ ప్రాంతంగా ప్రకటించినది. ఇలాంటి ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం ప్రకారం సేకరణకు ముందే గ్రామసభను సంప్రదించాలి. 2013 చట్టం సెక్షన్ 41 అయితే ముందస్తు సమ్మతే కావాలంటుంది. మా ఊళ్లో సభే జరగలేదు. ఆఫీసులో అడిగితే "అయిపోయింది" అంటారు, మినిట్స్ మాత్రం చూపించరు (చూపించడానికి ఉంటే కదా!). సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజులు దాటినా జవాబు లేదు. చివరికి మేమే సభ పెట్టి, కోరంతో తీర్మానం చేశాం. పైనుంచి ఆర్డర్ లేదని గ్రామసేవక్ సంతకం పెట్టనంటున్నాడు.

సెక్షన్ 15 కింద అభ్యంతరాలకు ఇచ్చే 60 రోజుల్లో రెండు వారాలే మిగిలాయి, అదే టెన్షన్. ఎవరి అభ్యంతరం వాళ్లు సాత్‌బారా (7/12 భూమి రికార్డు) నకలుతో కలెక్టర్‌కు రాసుకుంటున్నాం.

గ్రామసేవక్ సంతకం లేకుండా, సభాధ్యక్షుడి సంతకం, హాజరు పట్టీతోనే ఈ తీర్మానాన్ని మా అభ్యంతరాలకు జతచేస్తే చెల్లుతుందా?