మంగు మచ్చలకి పీల్ (యాసిడ్ రాసి పై చర్మం పొట్టు లేపడం) చేయించుకోవచ్చా? చెల్లి పెళ్లికి ఐదు వారాలే ఉంది

బెజవాడ_కోడలు:
రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చింది. పాపకి మూడేళ్లు నిండినా పోలేదు. శనగపిండి, బంగాళదుంప రసం అన్నీ అయ్యాయి. మా వీధి పార్లర్ ఆవిడ "పెళ్లికి వారం ముందు రండి, గ్లైకాలిక్ పీల్ ఒక్కసారి వేస్తే చాలు" అంటోంది. నాది చామనఛాయ. చేయించుకున్నవాళ్లు నిజంగా ఏమైందో చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కాకినాడ_కాజా:
వద్దండీ, పార్లర్‌లో అసలు వద్దు. నాకు మండుతోందని చెప్తే "అలాగే ఉంటుంది, ఓర్చుకోండి" అని ఇంకో కస్టమర్ దగ్గరికి వెళ్లిపోయింది. గ్లైకాలిక్ దానంతటది ఆగదని, టైమ్ చూసి వంటసోడా కలిపిన నీళ్లతోనో మంచినీళ్లతోనో కడిగి ఆపాలని నాకు తర్వాత తెలిసింది. కుడి దవడ మీద రూపాయి బిళ్లంత చోట తెల్లబడి, పెచ్చు కట్టి, అది ఊడాక నల్ల మచ్చ మిగిలింది. ఎనిమిది నెలలు పట్టింది అది తగ్గడానికి. ఉన్న మంగు చాలదన్నట్టు.

స్కిన్_క్లినిక్_సిస్టర్:
నేను చర్మ డాక్టర్ దగ్గర పనిచేస్తాను. మన రంగు చర్మం ఏ కాస్త కాలినా నల్లబడుతుంది, అందుకే మేము రెండు నుంచి నాలుగు వారాలు సన్‌స్క్రీన్, డాక్టర్ రాసిన క్రీములు వాడించి, ఆ తర్వాతే తక్కువ శాతం యాసిడ్‌తో పీల్ మొదలుపెడతాం. ఒక్కసారితో అయిపోదు, రెండు మూడు వారాలకొకటి చొప్పున నాలుగైదు సార్లైనా పడుతుంది. మంగు చర్మం లోతున ఉంటే అప్పుడు కూడా పూర్తిగా పోదు, ఎండలో తిరిగితే మళ్లీ వస్తుంది. పెళ్లికి వారం ముందు మొదటి పీల్ అంటే నాకు భయంగా ఉంది.

వరంగల్_పిల్ల:
నేను మొటిమల మచ్చలకి డాక్టర్ దగ్గర సాలిసిలిక్ యాసిడ్ పీల్ చేయించుకున్నా. రాసిన కాసేపటికి ముఖమంతా తెల్లటి పొడి చల్లినట్టు అయ్యింది, పక్కన సిస్టర్ ఫ్యాన్ పట్టుకుంది, మంట ఐదు నిమిషాలే. మూడో రోజు మూతి పక్కన పొట్టు లేచింది. చెయ్యి దురద పెట్టినా లాగకండి, దానంతటదే రాలాలి. నాకైతే బాగా పనిచేసింది, కానీ మంగు సంగతి వేరే.

బెజవాడ_కోడలు:
థాంక్స్ అండీ, పార్లర్ మానేశాను. ఒకటి చెప్పడం మర్చిపోయా, మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన తెల్లబడే క్రీము నాలుగు నెలలుగా రాస్తున్నా. మానేస్తే ముఖం ఎర్రగా మండుతోంది.

స్కిన్_క్లినిక్_సిస్టర్:
అసలు సంగతి ఇదేనమ్మా. ట్యూబు మీద మొమెటాసోన్ అని ఉందేమో చూడండి, ఉంటే అది స్టెరాయిడ్. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, దాని మీద పీల్ వేస్తే కాలుతుంది. పెళ్లి మాట పక్కన పెట్టి ఈ వారమే చర్మ డాక్టర్‌కి చూపించండి. ట్యూబు పారేయకండి, చేత్తో పట్టుకెళ్లండి.